అటో కుర్చీ, ఇటో కుర్చీ

తాతాజీ గారు తూచందే దేన్నీ నమ్మరు.

తూనికలు కొలతల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రాజమండ్రిలో రిటైరైన రోజున, ఆఫీసు వాళ్ళు కప్పిన శాలువాతో ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా దాన్ని స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలించిన మనిషి ఆయన. శాలువా బావుందని భార్య సత్యకుమారి గారు మురిసిపోతే, "నాలుగు వందల ఇరవై గ్రాములే ఉంది. నాకంటే ముందు రిటైరైన ఆయనది అరకిలో" అన్నారు. ఆ కాటా ఎప్పుడూ ఆయన లాల్చీ జేబులోనే ఉండేది. కొక్కెం మాత్రం బయటికి వేలాడుతూ ఉండేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళ కండువాలూ, సంచులూ దానికి చిక్కుకుని రోజుకో తగాదా అయ్యేది.

ఒకసారి బంధువుల పెళ్ళిలో విస్తట్లో లడ్డూ వెయ్యగానే దాన్ని చేతిరుమాల్లో చుట్టి కొక్కేనికి తగిలించారు. తూచి, పక్కనున్న పెద్దమనిషిని ఏ కల్మషం లేకుండా ఒక ప్రశ్న అడిగారు. "ఈ బంతిలో లడ్డూలు డెబ్భై గ్రాములున్నాయండి. ఇందాకటి బంతిలో ఎనభై. మగపెళ్ళివారు ఏ బంతిలో కూర్చున్నారండీ?" ఆ పెద్దమనిషి పెళ్ళికొడుకు మేనమామ. ఆ తరవాత రెండు గంటల సేపు ఆ పందిట్లో జరిగిన రభస గురించి చెప్పుకోకపోవడమే మంచిది. అప్పటినుంచీ చుట్టాలు ఆయనకి శుభలేఖలు పోస్టులో పంపేవాళ్ళు. అవి పెళ్ళయిన వారానికి అందేవి. వాటిని కూడా ఆయన తూచేవారు.

ఈ మహానుభావుడి పక్కింట్లో ఇరవై రెండేళ్ళు కాపురమున్న ఓర్పు జీవరాజు మాస్టారిది. లూథరన్ మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఎవరు ఏమడిగినా కాదనలేకపోవడం ఆయన జబ్బు. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒకటే అడ్డం. మాస్టారు పొద్దున్నే పేపరు తెచ్చుకోగానే ఆ గోడ మీదుగా ఒక చెయ్యి చాచుకుని వచ్చేది. "ఇవాళ రెండు పేజీలు తగ్గించినట్టున్నారండి, ఒక్కసారి ఇటు ఇవ్వండి" అని తాతాజీ గారి గొంతు వినబడేది. వార్తలు ఏంటని ఆయన ఎన్నడూ అడగలేదు.

మాస్టారింట్లో ఉండే మరో మనిషి ఆయన అక్క పాపాయమ్మ గారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి వేల పురుళ్ళు పోసిన చెయ్యి. పెళ్ళి చేసుకోలేదు, ఎవరి సాయమూ తీసుకోలేదు. డెబ్భై ఏళ్ళొచ్చి, రెండు మోకాళ్ళూ అరిగిపోయి, చర్చి మెట్లు మూడూ ఎక్కడానికి మూడుసార్లు ఆగుతూ కూడా, చేతిసంచీ ఎవరైనా అందుకోబోతే చురుగ్గా చూసేది. ఆ చూపుకి పాస్టరు గారు కూడా రెండడుగులు వెనక్కి వేసేవారు.

ఆవిడకి తీరని కోరిక ఒకటుంది. జంగారెడ్డిగూడెం దాటి, బస్సు ఆగిపోయిన చోటినుంచి ఏడు మైళ్ళు కొండదారిన నడిస్తే ఈతలగొంది అనే చిన్న గూడెం వస్తుంది. వయసులో ఉండగా పాపాయమ్మ గారు అక్కడి మిషన్ మందుల పాకలో ఆరేళ్ళు పనిచేసింది. బుల్లెమ్మ అనే కొండపిల్లకి మంత్రసాని పని నేర్పి, "మళ్ళీ వస్తానే" అని మాటిచ్చి దిగి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళయింది. జీడిపిక్కలు కొనడానికి ఆ పక్కకి వెళ్ళే వ్యాపారి చేత బుల్లెమ్మ ఏటా కబురు పెట్టేది. ఆ ఏడు వచ్చిన కబురు వేరు. బుల్లెమ్మకి చూపు మసకేసింది. నరం ఎండిపోయింది, ఆపరేషన్ చేసినా లాభం లేదని కంటి డాక్టర్లు తేల్చేశారు. "పూర్తిగా చీకటి పడిపోకముందే అక్క మొహం ఒకసారి సూడాలని ఉందని సెప్పమందండి" అన్నాడు వ్యాపారి.

నాలుగు గూడేల పురుళ్ళు వదిలి ఆవిడ దిగి రాదు. ఈ మోకాళ్ళతో ఈవిడ ఎక్కలేదు. డోలీ కట్టించి నలుగురు మనుషుల చేత మోయిస్తానని మాస్టారు బతిమాలారు.

"నేను మనుషుల్ని మోసినదాన్నిరా. మనుషుల భుజాల మీద ఎక్కను" అంది పాపాయమ్మ గారు. "నా కోసమని ఎవరూ ఏదీ చెయ్యక్కర్లేదు. ఇంక ఆ మాట ఎత్తకు."

మాస్టారు ఎత్తలేదు. కానీ ఆ రోజునుంచీ ఆవిడ సాయంత్రాలు వీధి అరుగు మీద కూర్చుని పడమటి దిక్కు చూస్తూ ఉండటం గమనిస్తూనే ఉన్నారు.

సరిగ్గా అప్పుడే, తొంభై ఏడు ఆగస్టులో, పాత పుస్తకాల బండి మీద తాతాజీ గారికి అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. యుద్ధాల్లో మిలట్రీ వాళ్ళు కంచరగాడిదల మీద సామాను ఎలా వేసుకుని వెళ్ళాలో చెప్పే పుస్తకం అది. ఆరు వందల పది గ్రాములు. ఏ కంచరగాడిద ఎంత బరువు మొయ్యగలదో, ఎడమవైపు ఎంత కట్టాలో, కుడివైపు ఎంత కట్టాలో పేజీలకి పేజీలు పట్టికలున్నాయి. జన్మంతా తాను వెతుకుతున్న గ్రంథం ఇదేనని తాతాజీ గారికి తెలిసిపోయింది. మర్నాడు పొద్దున్న పిట్టగోడ మీదకి వంగారు.

"మాస్టారండీ, మనం అడవికి వెళ్తున్నామండి."

"ఎందుకండీ?"

"కంచరగాడిదల మీద సామాను వేసుకుని వెళ్ళాలండి."

"సామాను ఎందుకండీ?"

"అడవికి వెళ్తున్నాం కదండీ."

అలవాటు కొద్దీ మాస్టారు తలూపారు. తలూపడమంటే ఒప్పుకోవడమే. ఏ అడవికి వెళ్దామని తాతాజీ గారు అడిగితే, నోటికొచ్చిన పేరు అదొక్కటే కాబట్టి, ఈతలగొంది అన్నారు.

ప్రతి ఆదివారం నాలుగింటికి తాతాజీ గారి వరండాలో మీటింగు మొదలైంది. మూడో సభ్యుడు రావులపాలెం అరటి రైతు దొరబాబు గారు. నూట రెండు కిలోల మనిషి. అడవికి వెళ్ళడమంటే చెట్టుకింద కూర్చుని భోంచెయ్యడమని ఆయన నమ్మకం. తాతాజీ గారు జీను గురించి గంటసేపు చెప్పినా, ఆయన చివర్లో "మరి కూరల సంగతేంటండీ" అనేవారు.

తాతాజీ గారి సూత్రం ఒకటే. "రెండువైపులా సమానం. కుడివైపు పావుకిలో ఎక్కువైతే జీను జారుతుందండి. జీను జారితే కంచరగాడిదకి కోపం వస్తుందండి. దానికి కోపం వస్తే మనం లోయలో ఉంటామండి." ఈ మాట మీద దొరబాబు గారి ఆవకాయ జాడీ మూడు ఆదివారాలు విచారణలో ఉండిపోయింది. జాడీ మూడున్నర కిలోలు. రెండోవైపు మూడున్నర కిలోలు ఏం కట్టాలి? ఇంకో జాడీ మాగాయ పట్టుకొస్తానన్నారు దొరబాబు గారు. దారిలో ఆవకాయ ఎక్కువ తిని మాగాయ తక్కువ తింటే తూకం ఏం కావాలని తాతాజీ గారు నిలదీశారు. ఏ పూట ఆవకాయ, ఏ పూట మాగాయ తినాలో గ్రాముల లెక్కన ఒక టైంటేబులు వేసి గోడకి అంటించారు. దొరబాబు గారు దాన్ని చదివి తొలిసారి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

మాస్టారు తన వంతుగా బైబిలు ఒక్కటే తెస్తానన్నారు. తాతాజీ గారు దాన్ని కళ్ళకద్దుకుని మరీ తూచారు. తూచాక చాలాసేపు ఆలోచించారు.

"రెండు భాగాలుగా బైండు చేయిస్తే అటొకటి ఇటొకటి కట్టచ్చండి. కానీ పాత నిబంధన చాలా బరువుగా ఉందండి మాస్టారూ. కొత్త నిబంధన దానికి ఆగదు."

"అది అలా తూచేది కాదండి" అన్నారు మాస్టారు.

"అయితే ఎలా తూస్తారండీ?" అని తాతాజీ గారు కాటా తిప్పి చూసుకున్నారు.

కంచరగాడిదలు ఇంకా దొరకలేదు గనక రిహార్సల్సు పిట్టగోడ మీద జరిగేవి. గోడకి అటూ ఇటూ గోనెసంచులు వేలాడదీసి, సమానంగా ఉన్నాయో లేదో తాతాజీ గారు ఒక కన్ను మూసి చూసేవారు. "ఇది నడవదు కదండీ" అన్నారు దొరబాబు గారు ఒకసారి. "తిక్క వచ్చినప్పుడు కంచరగాడిద కూడా నడవదండి. అందుకే దీనిమీద అలవాటు చేసుకోవాలి" అన్నారు తాతాజీ గారు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి, గోడకి గడ్డి పెట్టారా అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు. అరుగు మీంచి పాపాయమ్మ గారు కూడా ఊరుకునేది కాదు. "ఒరేయ్ జీవరాజూ, మీ గోడ ఈనితే నన్ను పిలు. పురుడు నేనే పోస్తాను" అనేది.

సెప్టెంబరులో ఒక ఆదివారం, దొరబాబు గారు వెళ్ళిపోయాక, మాస్టారు ధైర్యం చేశారు. అక్క గురించి, బుల్లెమ్మ గురించి అంతా చెప్పారు. డోలీ వద్దన్న సంగతీ చెప్పారు. "తనకోసం అంటే ఎవరి మాటా వినదండి. మీ కంచరగాడిద మీద ఎలాగైనా తీసుకెళ్ళగలమేమో ఆలోచించండి" అన్నారు.

తాతాజీ గారు అంతా విన్నారు. విని, "మీ అక్కగారు ఎంత బరువుంటారండీ?" అన్నారు.

ఇరవై రెండేళ్ళలో జీవరాజు మాస్టారికి కోపం రావడం అదే మొదలు. "యాభై ఒక్క కిలోలండి. రైల్వేస్టేషన్ మిషను ఇచ్చిన కార్డు ఆవిడ బైబిల్లో ఉంది. కావాలంటే దాన్ని కూడా తూచుకోండి" అని గోడ దాటి వచ్చేశారు. మనిషి కష్టం చెప్పుకుంటే కిలోలు అడిగే మొహాన్ని మళ్ళీ చూడకూడదనుకున్నారు. పదిహేను రోజులు పేపరు కూడా గోడ మీద పెట్టలేదు. పదహారో రోజున సత్యకుమారి గారు గిన్నెలో పులిహోర పట్టుకొస్తే, కాదనలేని జబ్బు కొద్దీ తిని, మళ్ళీ మీటింగుకి వెళ్ళారు.

ప్రయాణం నవంబరులో అనుకున్నారు. నవంబరు వచ్చింది. "తూకం కుదరలేదండి" అన్నారు తాతాజీ గారు. డిసెంబరన్నారు. దొరబాబు గారు కొత్త కాన్వాసు బూట్లు కొనుక్కుని వచ్చారు. "ఇంకా నాలుగు కిలోలు తేడా ఉందండి, తూకం కుదరలేదు" అన్నారు. ఎక్కడ తేడా, దేంట్లో తేడా అంటే చెప్పరు. జనవరిలోనూ అదే మాట. ఆ మాట ఊరంతా పాకిపోయింది. బాకా ఆలస్యంగా ఊదిన బ్యాండువాడు, పెళ్ళి తప్పిపోయిన మధ్యవర్తి, హోంవర్కు చెయ్యని పిల్లలు, అందరూ "తూకం కుదరలేదండి" అనడం మొదలుపెట్టారు. జీడిపిక్కల వ్యాపారి మళ్ళీ వచ్చి, బుల్లెమ్మ ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషిని పోల్చుకోవాలంటే బాగా దగ్గరికి రమ్మంటోందని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం పాపాయమ్మ గారు అరుగు మీదకి రాలేదు.

అదే సమయంలో తాతాజీ గారు చిక్కిపోసాగారు. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకుంటున్నారు. మిగిలిన కొస తోకలాగా వేలాడుతోంది. సత్యకుమారి గారు గోడ దగ్గరకొచ్చి గోడు వెళ్ళబోసుకున్నారు.

"చూడండి అన్నయ్యగారూ. ఆయన సాయంత్రం భోజనం మానేశారు. పొద్దున్న రెండిడ్లీలు, అవీ తూచుకుని. రోజుకి మూడుసార్లు రైల్వేస్టేషన్‌కి వెళ్ళి మిషనెక్కి వస్తున్నారు. ఏం పట్టిందో తెలీదు."

"ఇన్నాళ్ళూ ఊళ్ళో వస్తువులు తూచారు. అవన్నీ అయిపోయినట్టున్నాయమ్మా" అన్నారు మాస్టారు. ఆ మాటలో కాస్త విషం ఉందని ఆయనకే తెలుసు.

ఫిబ్రవరి మొదటి వారంలో తాతాజీ గారు గేటు తీసుకుని, గోడ మీదుగా కాకుండా, పద్ధతిగా వీధి వైపునుంచి మాస్టారింటికి వచ్చారు. తిన్నగా పాపాయమ్మ గారి ఎదురుగా నిలబడ్డారు.

"పాపాయమ్మ గారండీ, నాకో సాయం కావాలండి."

"మీకు కావలసింది సాయం కాదు, డాక్టరు" అంది ఆవిడ.

"డాక్టరు దగ్గర్నుంచే వస్తున్నానండి. బీపీ అటండి. కొండదారి నడవకూడదన్నారు. వెళ్ళాలనుకుంటే కుర్చీలో కూర్చుని వెళ్ళమన్నారు, దారి పొడుగునా బీపీ చూసే మనిషి పక్కన ఉండాలన్నారు."

"మానుకోండి."

"ఆర్నెల్ల ప్లానండి, ఎలా మానుకుంటాను? కంచరగాడిదకి ఇటు కుర్చీ కట్టి కూర్చుంటాను. కానీ ఒకవైపే కడితే జీను పైన, నేను కింద ఉంటామండి. అటువైపు నా బరువే ఉండాలి. దొరబాబు గారు నూట రెండు. మాస్టారు డెబ్భై ఒకటి. మా ఆవిడ నలభై ఏడు, పైగా నాతో రానంది. నేను యాభై ఒకటింబావు."

"బియ్యం బస్తా కట్టుకోండి."

"బస్తా బీపీ చూడదు కదండీ."

పాపాయమ్మ గారు లేచింది. లోపలికి వెళ్ళి బీపీ మిషను తెచ్చి ఆయన చేతికి చుట్టింది. ఒకసారి చూసింది. గాలి వదిలి మళ్ళీ చూసింది. తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఎంతుందండీ?" అన్నారు తాతాజీ గారు.

"ఎక్కువే ఉంది" అంది ఆవిడ, మిషను మడిచేస్తూ. "పేషెంటుని ఒంటరిగా పంపడం మా పద్ధతి కాదు. వస్తాను. నా బరువు యాభై ఒకటి."

గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా విన్న జీవరాజు మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. తన అక్కని, వేల పురుళ్ళు పోసిన మనిషిని, ఈయన తన కుర్చీకి ఎదురుతూకం రాయిలా వాడుకుంటున్నాడు. అయితే అక్క వెళ్తోంది. ఈతలగొంది వెళ్తోంది. కోపాన్ని దిగమింగి, ట్రంకుపెట్టె దింపడానికి అటకెక్కారు.

సత్యకుమారి గారి కేను కుర్చీలు రెంటికీ కాళ్ళు కోసేశారు. ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ కుర్చీలు గోడకి అటొకటి ఇటొకటి తగిలించి, తాతాజీ గారు ఒకదాంట్లో, పాపాయమ్మ గారు ఒకదాంట్లో కూర్చుని దిగడం ప్రాక్టీసు చేశారు. "అన్నిటికన్నా ముఖ్యం దిగడమండి. ఒకటి, రెండు, మూడు అనగానే ఇద్దరం ఒక్కసారే దిగాలి. ఒకళ్ళు ముందు దిగితే రెండోవాళ్ళు ఏమవుతారో పుస్తకంలో బొమ్మ కూడా వేశాడండి" అని రోజుకి పదిసార్లు చెప్పారు.

"వినబడిందయ్యా. నాకు పోయినవి మోకాళ్ళు, చెవులు కాదు" అంది ఆవిడ.

జంగారెడ్డిగూడెంలో కంచరగాడిదలు ఉన్న ఏకైక మనిషి సత్తియ్య. రెండే ఉన్నాయి. రాణి, మాణిక్యం. రాణి సామాను మోస్తుంది, మాణిక్యం కుర్చీలు మోస్తుంది. బస్సు ఆగే చోటికి అతను వాటిని తోలుకొచ్చాడు. తాతాజీ గారు జీను కట్టించి, కుర్చీలు బిగించి, కాటాతో ఆఖరి తూకం చూసి, బీపీ మిషను కిలో నూట యాభై గ్రాములని తేల్చి, దానికి ఎదురుగా తన లాల్చీ జేబుల్లో గులకరాళ్ళు నింపుకుని కూర్చున్నారు. "పదవయ్యా" అన్నారు.

మాణిక్యం కదిలింది. పక్కనే ఉన్న టీకొట్టు చుట్టూ నెమ్మదిగా తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"ఇదేంటయ్యా?" అన్నారు తాతాజీ గారు, రెండోసారి టీకొట్టువాడి ఎదురుగా వచ్చినప్పుడు.

"ఆయ్, ఏం లేదండి. ఇది పదేళ్ళు సున్నం గానుగ తిప్పిందండి. బయల్దేరేటప్పుడు మూడు సుట్లు తిరక్కపోతే దానికి తోచదండి. మూడయ్యాక తిన్నగా ఎల్తాదండి."

అటో పెద్దమనిషి, ఇటో పెద్దావిడ, కాళ్ళు లేని కుర్చీల్లో వేలాడుతూ టీకొట్టుకి ప్రదక్షిణం చేస్తుంటే బస్సు దిగిన జనమంతా నిలబడి చూశారు. ఒకావిడ దండం కూడా పెట్టింది. దారిలో ఆగిన ప్రతిచోటా ఇదే తంతు. చెట్టు ఉంటే చెట్టు చుట్టూ, ఏదీ లేకపోతే దొరబాబు గారి చుట్టూ తిరిగేది. ఆయన ఆవకాయ జాడీ గుండెలకి హత్తుకుని మధ్యలో నిలబడేవారు. టైంటేబులు ప్రకారం అది మాగాయ పూట కావడం వల్ల ఆయన మొహం మరీ దీనంగా ఉండేది.

ఆగినప్పుడల్లా పాపాయమ్మ గారు జీను మీదుగా చెయ్యి చాచి బీపీ చూసేది. చూసి చిన్న నోటుబుక్కులో రాసుకునేది. "ఎలా ఉందండీ?" అని అటునుంచి అడిగేవారు. "మీరు మాట్లాడకండి, పెరుగుతుంది" అని ఇటునుంచి కసిరేది. పేషెంటుని కసిరే ఆ పాత గొంతు మాస్టారు ఎన్నో ఏళ్ళ తరవాత విన్నారు.

నాలుగు గంటలకి ఈతలగొంది పాకలు కనబడ్డాయి. అల్లంత దూరంలో, చింతచెట్టు మొదట్లో, వ్యాపారి చేత ముందే కబురందిన ఒక ముసలావిడ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. మాణిక్యం గిట్టల చప్పుడు దగ్గరయ్యేసరికి రెండడుగులు ముందుకి వేసింది.

"ఎవరది? అక్కేనా?"

"నేనేనే బుల్లెమ్మా" అంటూ పాపాయమ్మ గారు కుర్చీలోంచి దిగిపోయింది.

ఒకటి, రెండు, మూడు అనలేదు. అరిగిన మోకాళ్ళని తలుచుకోలేదు. అటువైపు మనిషి ఉన్నాడని అసలే తలుచుకోలేదు. ఇటు యాభై ఒక్క కిలోలు ఒక్కసారి లేచిపోయేసరికి, జీను గిర్రున తిరిగి, ముప్ఫై నాలుగేళ్ళు జిల్లాలో ప్రతి తరాజునీ సరిచేసిన ఇన్‌స్పెక్టరు గారు, కుర్చీతో, గులకరాళ్ళతో సహా, వాగు ఒడ్డు బురదలో వెల్లకిలా పడ్డారు. పుస్తకంలో బొమ్మలో ఎలా ఉందో అచ్చం అలాగే పడ్డారు.

ఎవరూ ఆయన్ని చూడలేదు. చింతచెట్టు కింద బుల్లెమ్మ, పాపాయమ్మ గారి మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరికి లాక్కుని చూస్తోంది. "ముసలిదానివైపోయావే అక్కా" అంది. "నీకు కనబడుతోందన్నమాట, అదే చాలు" అంది పాపాయమ్మ గారు. ఇద్దరూ నవ్వుతున్నారో ఏడుస్తున్నారో అక్కడున్న ఎవరికీ తెలియలేదు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు.

తరవాత ఆయనకి బురదలో ఉన్న మనిషి గుర్తొచ్చాడు. వెళ్ళి లేవదీశారు. తాతాజీ గారికి దెబ్బ తగల్లేదు గానీ బెల్టు తెగిపోయింది. లాల్చీ ఆరేదాకా దుప్పటి చుట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నారు. తడిసిన మిలట్రీ పుస్తకాన్ని ఆరబెట్టడానికి మాస్టారు పేజీలు విప్పుతున్నారు. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయారు.

రోగుల్ని కుర్చీల్లో తీసుకెళ్ళే పద్ధతి అది. ఒక్క రోగే ఉన్నప్పుడు రెండోవైపు అంతే బరువున్న ఇసుక బస్తా కట్టాలని స్పష్టంగా ఉంది. దానికింద పెన్సిలు గీత ఉంది. పక్కన తాతాజీ గారి చేతిరాత. "బస్తా కడితే తనకోసమని తెలుస్తుంది, ఎక్కరు. పేషెంటు కోసమైతే ఎక్కుతారు." తేదీ సెప్టెంబరు ఇరవై ఒకటి. తాను కోపంతో గోడ దాటి వచ్చేసిన ఆదివారం. దాని దిగువన మార్జిన్ పొడుగునా అంకెలు. అరవై నాలుగు. అరవై రెండున్నర. అరవై. యాభై ఏడు. జనవరిలో యాభై మూడు. చివరన యాభై ఒకటింబావు, దాని చుట్టూ ఒక సున్నా.

మాస్టారికి సిగ్గేసింది. ఎదురుగా దుప్పట్లో వణుకుతున్న పుల్లలాంటి మనిషిని చూసి, "మీకు బీపీ లేదు కదండీ?" అన్నారు.

"మెల్లిగా మాస్టారూ" అన్నారు తాతాజీ గారు పాక వైపు చూస్తూ. "ఆవిడ వింటే తిరుగు ప్రయాణంలో కుర్చీ ఎక్కరండి. ఇక్కడే ఉండిపోతారు. ఎవరైనా నాకు కాస్త అన్నం పెడితే బాగుండును. తిన్నాక ఒక కిలో తేడా వచ్చినా జేబుల్లో గులకరాళ్ళు తీసేస్తానులెండి."

దొరబాబు గారు టైంటేబులు చింపేసి, ఆవకాయా మాగాయా రెండూ కలిపి ఆయన పళ్ళెంలో వేశారు.

రాజమండ్రి వచ్చిన మర్నాడు మాస్టారు బీపీ మిషను బీరువాలో పెట్టబోతుంటే దానిలోంచి నోటుబుక్కు జారిపడింది. పదిహేడు సార్లు చూసినట్టు రాసి ఉంది. నూట ఇరవై, ఎనభై. నూట ఇరవై, ఎనభై. నూట పద్ధెనిమిది, డెబ్భై ఎనిమిది. అన్నీ కుర్రాడి అంకెలే. మొదటిది ఫిబ్రవరి మొదటి వారంలో, తాతాజీ గారు వీధి వైపునుంచి వచ్చి సాయమడిగిన రోజుది. అదీ నూట ఇరవై, ఎనభైయ్యే.

"అక్కా, ఆ రోజు ఎక్కువే ఉందన్నావు కదా" అన్నారు మాస్టారు.

"అన్నాను. పదమూడు కిలోలు చిక్కిన మనిషి అబద్ధం చెప్పడానికి వచ్చి ఎదురుగా నిలబడితే, నిజం చెప్పి పంపించెయ్యమంటావా?" అంది పాపాయమ్మ గారు. "నాకు తెలిసిందని అతనికి చెప్పకు. పాపం, చాలా తెలివిగా చేశాననుకుంటున్నాడు."

అంతలో గోడ మీదుగా చెయ్యి వచ్చింది. పేపరు కోసం కాదు. బీపీ చూడమని చొక్కా చెయ్యి మడుచుకుని ఉంది.

"పాపాయమ్మ గారండీ, వచ్చే ఫిబ్రవరికి నా బీపీ ఎలా ఉండచ్చంటారండీ?"

"తగ్గే రకం కాదులెండి. నేను తోడు రాక తప్పదు" అంది ఆవిడ. బుల్లెమ్మ మూట కట్టిచ్చిన తేనె అరిసె ఒకటి కాగితంలో చుట్టి ఆ చేతిలో పెట్టింది. "అప్పటిదాకా మాత్రం రెండు పూటలా భోంచెయ్యండి. తూకం సంగతి మళ్ళీ నవంబరులో చూసుకుందాం."

నవంబరు అన్న మాటకి తాతాజీ గారు ఉలిక్కిపడ్డారు. ఆవిడ మొహంలోకి కాసేపు చూశారు. తరవాత అరిసెని తూచకుండానే నోట్లో వేసుకున్నారు. జీవరాజు మాస్టారు తన కళ్ళని తానే నమ్మలేకపోయారు.

అది చుట్టి ఇచ్చిన కాగితాన్ని మాత్రం గోడ మీద పరిచి, మడిచి, కొక్కేనికి తగిలించి చూసుకుని వెళ్ళారు.